గుర్రానికి పురుగుకాటు అలర్జీ: దాచి అమ్మిన వ్యాపారి మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా. పెళ్లి బారాత్‌లకు గుర్రాన్ని తిప్పుకుని బతుకుతున్నాను. కిందటి డిసెంబర్‌లో మహారాష్ట్రలో ఒక గుర్రాల సంతకు వెళ్లి ఐదేళ్ల మార్వాడీ ఆడ గుర్రాన్ని రూ.2,80,000కు కొన్నాను. రెండు లక్షలు ఫోన్‌పేలో పంపాను, మిగతాది చేతికిచ్చాను. అమ్మినాయన ఏటా గుర్రాలు తెచ్చి అమ్మే వ్యాపారి. ‘చర్మం, కాళ్లు, ఊపిరి అన్నీ బాగున్నాయా’ అని అడిగితే ‘ఏ రోగమూ లేదు, నాది పూచీ’ అన్నాడు. ఆ మాట వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో కూడా ఉంది. జూన్‌లో వానలు పడగానే గుర్రం జూలునూ తోక మొదలునూ గోడకేసి రుద్దుకోసాగింది. వెంట్రుకలు ఊడి పుండ్లు పడ్డాయి. పశువైద్యుడు చూసి పురుగులు కుట్టడం వల్ల వచ్చే అలర్జీ అన్నారు, పూర్తిగా పోదట. అంతకుముందు దీన్ని పెంచిన రైతుకు ఫోన్ చేస్తే ‘ఏటా వానాకాలం దానికిదే బాధ’ అన్నాడు. వ్యాపారి ఫోన్ ఎత్తడం లేదు. డబ్బు తిరిగి వస్తుందా? పోలీసు కేసు పెట్టాలా? పక్కవాళ్లు అంటురోగమని గొడవ చేస్తున్నారు. ఎవరికైనా అమ్మేయవచ్చా?

జవాబు: మీ కేసు నిలవడానికి మంచి అవకాశం ఉంది. కారణం గుర్రానికి జబ్బు ఉండటం కాదు. కొనేటప్పుడు మీరు నోరు తెరిచి అడిగారు, ఆయన లేదని చెప్పాడు. చట్టంలో ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో చెబుతుంది. దాని కింద ఇచ్చిన ఉదాహరణల్లో మొదటిదే గుర్రం అమ్మకం. గుర్రం బాగాలేదని తెలిసి కూడా వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసం కాదని ఆ ఉదాహరణ. అంటే ఊరికే నోరు మూసుకున్నంత మాత్రాన అమ్మినవాడు మోసగాడు కాడు, చూసుకుని కొనాల్సిన బాధ్యత కొనేవాడిది. కానీ అక్కడే మరో ఉదాహరణ ఉంది. ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అని కొనేవాడు అన్నాక కూడా అమ్మేవాడు మాట్లాడకపోతే, ఆ మౌనం మాటతో సమానం. మీ విషయంలో మౌనం కూడా లేదు, ‘ఏ రోగమూ లేదు’ అని సూటిగా చెప్పాడు. ఆ మాట అబద్ధమని తెలిసే చెప్పాడని రుజువైతే 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంది. ‘డాక్టర్‌తో చూపించుకుని ఉండాల్సింది’ అని ఆయన తప్పకుండా వాదిస్తాడు. మౌనం మీద ఆధారపడిన కేసుల్లో ఆ వాదనకు కొంత బలం ఉంటుంది. కావాలని అబద్ధం చెప్పినవాడికి అది ఉపయోగపడదు.

రెండో దారి వస్తు విక్రయ చట్టం, 1930. కదిలే ఆస్తి ఏదైనా ఈ చట్టానికి వస్తువే కాబట్టి గుర్రమూ అందులోకి వస్తుంది. 16వ సెక్షన్ ప్రకారం, ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడికి మీరు ఏ పనికి కొంటున్నారో చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ పనికి సరుకు పనికిరావాలన్నది ఒప్పందంలో రాయని షరతు. బారాత్‌లో జనం మధ్య, బ్యాండు మోతలో నడవాల్సిన గుర్రం ఒంటినిండా పుండ్లతో, దురద ఆపుకోలేక ఉంటే అది ఆ పనికి పనికిరానట్టే. బారాత్ కోసమే కొంటున్నానని మీరు చెప్పినట్టు సాక్ష్యం ఉందా? ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. సంతకు మీతో వచ్చినవాళ్లు ఉంటే వాళ్ల మాట ఇక్కడ పనికొస్తుంది. అమ్మినవాడు వ్యాపారి కాకుండా తన గుర్రాన్ని ఒక్కసారి అమ్ముకున్న రైతు అయితే ఈ సెక్షన్ దొరికేది కాదు, చెప్పిన మాట మీదే కేసంతా నడపాల్సి వచ్చేది.

అసలు చిక్కు ఈ జబ్బు స్వభావంలో ఉంది. దీన్ని తెచ్చేవి ముఖ్యంగా క్యూలికాయిడిస్ అనే సన్నటి నుసుముల్లాంటి పురుగులు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుంటాయి. తడి బురదలో, పేడ కలిసిన మట్టిలో గుడ్లు పెడతాయి, తెల్లవారుజామునా సాయంత్రం చీకటి పడేటప్పుడూ ఎక్కువగా కుడతాయి. వాటి లాలాజలం పడని గుర్రానికి జూలు, తోక మొదలు, పొట్ట కింది గీత వెంట దురద పుడుతుంది. తడి లేని కాలంలో పురుగు తగ్గితే పుండ్లు మాని వెంట్రుకలు మళ్లీ వస్తాయి. పుష్కర్, సారంగ్‌ఖేడా లాంటి పెద్ద గుర్రాల సంతలు వానాకాలం వెళ్లాకే జరుగుతాయి. డిసెంబర్‌లో నిగనిగలాడిన గుర్రం జూన్‌లో పుండ్లు పడటం వింతేమీ కాదు. ఇది మీకు ఒక విధంగా మేలు. కొనేవాడు సరుకును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత ఫిర్యాదు చేయలేడని 16వ సెక్షనే చెబుతుంది. చలికాలంలో ఎంత పరీక్షగా చూసినా కనిపించని లోపానికి ఆ అడ్డు ఉండదు.

ఇదే స్వభావం అవతలివాడికీ ఆయుధమే. ‘నా దగ్గర ఉన్నప్పుడు బాగుంది, మీ ఊరి పురుగే దానికి పడలేదు’ అంటాడు. ఇది కొట్టిపారేసే వాదన కాదు. ఈ పురుగులు లేకుండా పెరిగిన ఐస్‌లాండ్ గుర్రాలను యూరప్‌కు తీసుకెళ్లాక ఈ అలర్జీ రావడం పశువైద్యంలో బాగా తెలిసిన విషయం. పొడి ప్రాంతంలో పెరిగిన గుర్రానికి మన దగ్గర తొలిసారి రావచ్చు కూడా. కాబట్టి అమ్మిన రోజుకే ఈ జబ్బు ఉందని, అది వ్యాపారికి తెలుసని చూపించడమే మీ పని.

అందుకు పాత యజమాని మాట అన్నిటికంటే ముఖ్యం. ఫోన్‌లో అన్న మాట కోర్టులో నిలవదు. ఆయన్ను కలిసి, ఎన్ని వానాకాలాలుగా ఈ బాధ చూశాడో, వ్యాపారికి అమ్మేటప్పుడు చెప్పాడో లేదో అఫిడవిట్ రాయించుకోండి. ఆ రెండో సంగతి లేకపోతే మోసం కేసు బలహీనపడుతుంది, 16వ సెక్షన్ కేసు మాత్రం నిలిచే ఉంటుంది. కిందటేడు జులై, ఆగస్టుల్లో తీసిన ఫోటోలు ఆయన దగ్గర ఉంటే మరీ మంచిది. జూలు కత్తిరించి ఉన్నా, చర్మం ముడతలు పడి మందంగా ఉన్నా అవి పాత జబ్బుకు గుర్తులు. మీ పశువైద్యుడిచ్చే సర్టిఫికెట్‌లో ‘అలర్జీ’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా చూసుకోండి. గజ్జి, తామర లాంటివి కావని ఎలా తేల్చారో, పుండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, పాత మచ్చలు, మందమైన చర్మం ఉన్నాయో లేదో రాయాలి. రక్తపరీక్ష చేయించినా అదొక్కటే నిర్ణయాత్మకం కాదు, ఈ జబ్బును ప్రధానంగా లక్షణాలు, కాలం, పుండ్లున్న చోటు చూసి నిర్ధారిస్తారు. ఇక ఆ వాయిస్ మెసేజ్. ఫోన్ మార్చకండి, మెసేజ్ తొలగించకండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి.

కేసు ఎక్కడ వేయాలి? నా సలహా జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను వినియోగదారులుగా ఒప్పుకోదు. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొని, తానే వాడుకునేవాణ్ని మాత్రం ఒప్పుకుంటుంది. మీరే గుర్రాన్ని పట్టుకుని తిప్పుతున్నారు కాబట్టి ఆ వెసులుబాటు మీకుంది. నలుగురు పనివాళ్లను పెట్టి ఆరు గుర్రాలు తిప్పుతుంటే మాత్రం నా జవాబు వేరుగా ఉండేది. ఈ చట్టంలో ‘లోపం’ అన్న మాటకు వ్యాపారి ఏ విధంగానైనా చెప్పుకున్న ప్రమాణానికి తగ్గడం కూడా వస్తుంది. నోటిమాట పూచీకి ఇంతకంటే అనుకూలమైన మాట ఇంకో చట్టంలో దొరకదు. వ్యాపారి మహారాష్ట్రలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, నాసిక్, ధూలే అంటూ తిరగనక్కర్లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు. జూన్ నుంచి లెక్కపెట్టుకోకుండా కొన్న రోజు నుంచే అనుకుని వేస్తే గడువు దాటిందన్న వాదనకు తావే ఉండదు.

మొత్తం డబ్బు వస్తుందా అంటే తొందరపడి అవునని చెప్పను. వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకు తీసుకుని, సమంజసమైన కాలంలో వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత నష్టపరిహారమే దక్కుతుంది. ఆరు నెలలు ఉంచుకున్నారన్నది మీకు వ్యతిరేకంగా వినిపిస్తుంది. దానికి మీ జవాబు, లోపం జూన్‌లోనే బయటపడిందన్నది. అందుకే తెలిసిన వెంటనే రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వడం అవసరం. గుర్రాన్ని తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వమని, లేదంటే బాగున్న గుర్రానికీ దీనికీ ఉన్న ధర తేడా, వైద్యం ఖర్చు ఇవ్వమని రెండూ అడగండి. ఇప్పటికీ నోటీసు ఇవ్వకపోతే ఈ వారంలోనే ఇవ్వండి. నోటీసు ఇచ్చాక కూడా బారాత్‌లకు తిప్పుతుంటే, ‘వద్దంటూనే వాడుకుంటున్నాడు’ అని ఆయన చెప్పడానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. పుండ్లున్న జంతువుతో పని చేయించడం జంతు హింస నివారణ చట్టం, 1960లో 11వ సెక్షన్ కింద నేరం కూడా. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే, ఆ అంకె చూస్తే నవ్వొస్తుంది. మీ కేసులో దానివల్ల పడే మచ్చ మాత్రం అంత చిన్నది కాదు.

పోలీసు కేసు గురించి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద చీటింగ్ నిలవాలంటే అమ్మేటప్పుడే మోసగించే ఉద్దేశం ఉండాలి. పాత యజమాని ‘నేను చెప్పే అమ్మాను’ అని రాసిస్తే ఫిర్యాదు ఇవ్వండి, అప్పటివరకు ఆగండి. స్టేషన్‌కు పిలిపిస్తే డబ్బు రాలుతుందన్న ఆశతో చాలామంది ముందు అటే పరుగెడతారు. ‘ఇది సివిల్ వ్యవహారం’ అని వెనక్కి పంపితే ఆ కాగితాన్నే అవతలివాడు కమిషన్‌లో చూపిస్తాడు.

ఇంతలో గుర్రాన్ని అలాగే వదిలేయకూడదు. నష్టాన్ని తగ్గించే మార్గాలు మీకున్నాయా, వాడారా అన్నది పరిహారం లెక్కకట్టేటప్పుడు చూస్తారు, ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం లోపల కట్టేయండి. ఈ పురుగులు గాలికి ఎదురెగరలేవు కాబట్టి పాకలో గట్టి ఫ్యాన్ పెట్టండి. సన్న జాలీ గుడ్డ కప్పండి, చుట్టూ నీరు నిలవకుండా చూడండి. ఫ్యాన్ బిల్లు దగ్గర నుంచి మందుల చీటీ దాకా అన్నీ దాచండి.

అమ్మేయవచ్చా అని అడిగారు. చట్టం అడ్డు చెప్పదు గానీ, కేసు నడుస్తుండగా అమ్మితే తిరిగి ఇచ్చేస్తానన్న మీ కోరిక పోతుంది. కొనేవాడు అడిగినప్పుడు దాస్తే మీ మీద అతను ఇదే కేసు వేస్తాడు. తప్పనిసరై అమ్మాల్సి వస్తే జబ్బు సంగతి రసీదులోనే రాసి సంతకం తీసుకోండి, వచ్చిన ధర కమిషన్‌కు చెప్పండి.

పక్కవాళ్లకు పశువైద్యుడి సర్టిఫికెట్ నకలు ఇవ్వండి. ఈ అలర్జీ మనిషికి గానీ మరో గుర్రానికి గానీ అంటదని అందులో రాయించండి. వాళ్ల భయానికి కొంత కారణం లేకపోలేదు. గ్లాండర్స్ అనే జబ్బులోనూ గుర్రం చర్మం మీద పుండ్లు పడతాయి, అది మనుషులకు సోకుతుంది, 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం కింద అనుమానం వచ్చినా అధికారులకు చెప్పాల్సిన రోగం. ప్రభుత్వ పశువైద్యశాల ద్వారా ఒకసారి రక్తం పరీక్ష చేయించి, లేదని కాగితం తెచ్చుకుంటే ఆ గొడవ ఆగుతుంది, మీ ఫైలులోనూ అది పనికొస్తుంది.