మీ గొడవ అత్తగారితో కాదు

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. పాపకు నాలుగేళ్ళు దాటాయి, బాబుకు పద్నాలుగు నెలలు. బాబు పుట్టాక ఉద్యోగం మానేశాను. అత్తగారు మాతోనే ఉంటారు. ఈమధ్య పాప అన్నిటికీ మొండికేస్తోంది, సరిగా తినడం లేదు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టింది. అత్తగారు దాన్ని గారాబం చేస్తూ, చేతికి ఫోన్ ఇచ్చి తినిపిస్తారు. వద్దంటే 'మా పిల్లలు ఇలా ఉండేవారు కాదు' అంటారు. మొన్న రాత్రి కోపం పట్టలేక పాపను గట్టిగా కొట్టాను. అప్పటినుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది. బాబు కాస్త పెద్దయ్యేదాకా, ఒక ఆరు నెలలు పాపను మా అమ్మ దగ్గర ఉంచితే మంచిదేనా? అత్తగారి జోక్యాన్ని తగ్గించుకోవడం ఎలా?

జవాబు: పాపను పంపకండి. తమ్ముడు వచ్చి అమ్మ ఒడిలో కూర్చున్నాడన్న దిగులులో ఉన్న నాలుగేళ్ళ పిల్లను ఇప్పుడు అమ్మమ్మగారింటికి పంపితే, మీరు ఎంత ప్రేమగా పంపినా, ఆమె ఎంత ముద్దుగా చూసుకున్నా, ఆ పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: వాడు వచ్చాడు కాబట్టి నన్ను పంపేశారు. సెలవుల్లో వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావడం వేరు. ఆ ప్రశ్నను ఇంతటితో వదిలేద్దాం.

ఇక్కడ అచ్చయినది మీ ఉత్తరంలో కొంత భాగమే. నాలుగు పేజీల ఆ ఉత్తరంలో అత్తగారి ప్రసక్తి లేని పేరా ఒక్కటి కూడా లేదు. ఆమె తలుపు ఎలా తెరుస్తారో, పాపకు ఏమని చెబుతారో, ఫోన్లో ఆడపడుచుతో మీ గురించి ఏమంటారో, అన్నీ రాశారు. మీవారు మాత్రం ఏవో కొన్ని చోట్ల కనిపిస్తారు. ఒకచోట 'ఆయన చాలా మంచివారు, పిల్లల విషయాల్లో కల్పించుకోరు' అని రాశారు. ఈ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. కన్నతండ్రి పిల్లల విషయాల్లో కల్పించుకోకపోవడం ఆయన మంచితనానికి నిదర్శనంగా మీ కలం నుంచి ఎలా జారిందో మీరే ఆలోచించండి. కల్పించుకోవడమనే మాట పరాయివాళ్ళ విషయంలో వాడతాం. ఇంకోచోట ఆయన కనిపించింది మీరు పాపను కొట్టిన రాత్రి. మరోచోట ఆయనను కుండలీకరణాల్లో ఇరికించారు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ రాత్రి గురించి మీరు చాలా వివరంగా రాశారు. తొమ్మిదిన్నర అయింది. మీరు బాబును భుజాన వేసుకుని జోకొడుతున్నారు. నీళ్ళు తానే పోసుకుంటానని పాప అడుగుతున్నా, ఒలికిస్తుందన్న భయంతో మీరే గ్లాసు నింపి ఇచ్చారు. 'నేనే పోసుకుంటా' అని ఏడుస్తూ పాప ఆ గ్లాసును నేల మీద కుమ్మరించింది. లోపలి గదిలోంచి అత్తగారు 'దాన్నెందుకమ్మా అలా ఏడిపిస్తావు' అన్నారు. నిద్రలోకి జారుతున్న బాబు ఉలిక్కిపడి లేచాడు. సోఫాలో ఉన్న మీవారు, ఈ ఇంట్లో కాసేపు ప్రశాంతంగా కూర్చునే యోగం కూడా లేదంటూ, ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అప్పుడు మీ చెయ్యి లేచింది. ఈ వరుస మీరు రాసిందే, నేను కల్పించింది కాదు. నీళ్ళు ఒలికినప్పుడు మీరు కొట్టలేదు. అత్తగారు మాట అన్నప్పుడూ కొట్టలేదు. తలుపు మూసుకున్నాక కొట్టారు. కోపం ఎవరి మీదిదో, దెబ్బ ఎవరికి తగిలిందో చూసుకోండి. తిరిగి కొట్టలేని, తలుపు వేసుకుని వెళ్ళిపోలేని మనిషి ఆ గదిలో ఒక్కతే మిగిలింది. దెబ్బ తిన్న తర్వాత కూడా ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి మీ కాళ్ళనే చుట్టుకుంది.

అత్తగారి విషయం. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో, పూటపూటకూ ఒక పిల్లకు తినిపించి, ఇంకొకడిని ఎత్తుకుని తిరుగుతున్నారని మీరే రాశారు. ఆమె చేస్తున్న పని నిజానికి ఎవరి వాటా? కొడుకు వదిలేసిన పనిని తల్లి ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్ళు తమ పద్ధతిలోనే చేస్తారు, నాలుగు మాటలూ అంటారు. ఫోన్ ఇచ్చి తినిపించడం నాకూ నచ్చదు, దాని గురించి చెబుతాను. కానీ ఒక మగవాడు దించేసిన బరువును పంచుకోలేక ఇద్దరు ఆడవాళ్ళు రోజంతా ఒకరినొకరు సాధించుకుంటూ ఉంటే, ఆయన మాత్రం ఇద్దరికీ మంచివాడుగా మిగిలిపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. తల్లి దగ్గర ఆయన కష్టపడి అలసిపోయే కొడుకు. భార్య దగ్గర గొడవల జోలికి పోని భర్త. మీ అత్తగారు అనే మాటల్లో అనకూడనివి ఉన్నాయి, కాదనను. మీవారు తన వాటా తీసుకున్న రోజున వాటిలో సగం అనే అవసరం ఆమెకే ఉండదు. అప్పటికీ మిగిలిన మాటల సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

పాప మొండితనానికి వస్తే, మీరు మధ్యలో ఎక్కడో విసురుగా రాసిన ఒక వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. 'రాత్రి ఎనిమిదిన్నరకు ఆయన వచ్చేదాకా అది పడుకోనని భీష్మించుకుంటుంది, వచ్చాక కూడా పదిన్నర దాకా పడుకోదు.' పొద్దున ఏడున్నరకు బడి వ్యాను వస్తుంది కాబట్టి ఆరున్నరకే లేపుతారు, పగలు పడుకోదు. అంటే ఎనిమిది గంటల నిద్ర. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ పాప రోజూ కనీసం రెండు గంటలు తక్కువగా నిద్రపోతోంది. పెద్దవాళ్ళకు నిద్ర చాలకపోతే తూలుతారు, ఆవులిస్తారు. చిన్నపిల్లలు చాలాసార్లు అందుకు విరుద్ధంగా గంతులు వేస్తారు, అరుస్తారు, గ్లాసులు కుమ్మరిస్తారు. మనం దాన్ని పొగరు అనుకుంటాం. ఇంతకీ ఆ పిల్ల ఎందుకు మేలుకుని ఉంటోంది? తండ్రి కోసం. ఆయన తలుపు తీయగానే పరుగెత్తుకుని వెళ్తుందని మీరు రాశారు. ఆయన తల నిమిరి ఫోన్ తీస్తారు. ఇంకో రెండు గంటలు అది ఆయన చుట్టూ తిరుగుతుంది, ఎప్పుడైనా ఆ ఫోన్ కింద పెడతారేమోనని. ఆ ఆశ తీరని అలసట అంతా తొమ్మిదిన్నరకు మీ మీద పడుతోంది.

తిండి గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకండి. పుట్టినప్పటి బరువుకు బిడ్డ ఏడాదిలో మూడింతలవుతుంది. రెండేళ్ళు దాటాక ఐదేళ్ళ దాకా ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతుంది. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. ఒక పూట బాగా తిని రెండు పూటలు ముట్టకపోవడం ఈ వయసులో మామూలే. బరువు తగ్గుతుంటేనో, నీరసంగా పడి ఉంటుంటేనో డాక్టరుకు చూపించాలి. ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు కనుక భోజనం దగ్గర అది ఉండకూడదు. నాలుగేళ్ళ పిల్ల రోజు మొత్తం మీద గంటకు మించి తెర చూడకూడదని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అయితే ఈ నియమం ఇంట్లో నాయనమ్మ ఒక్కరికే వర్తించదు. తండ్రి చేతిలో రాత్రంతా ఉన్న వస్తువును పిల్ల చెడ్డదని ఎలా నమ్ముతుంది? ఇక పక్క తడపడం. ఐదేళ్ళు నిండేదాకా దాన్ని వైద్యులు జబ్బుగా లెక్కించరు. మానేసిన పిల్లలు చెల్లెలో తమ్ముడో పుట్టాక మళ్ళీ మొదలుపెట్టడం తరచుగా జరిగేదే. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం, మంట అనడం, విపరీతమైన దాహం, మలబద్ధకం లాంటివి ఉంటే మాత్రం పిల్లల డాక్టరును కలవండి. అప్పటిదాకా తిట్టకుండా, నలుగురిలో చెప్పకుండా దుప్పటి మార్చండి చాలు.

కొట్టడం గురించి మిమ్మల్ని ఓదార్చను. అది తప్పు, మీకూ తెలుసు. కానీ తప్పు చేసిన తల్లి వారం రోజులు లోలోపల కుమిలిపోతూ, ఆ పిల్ల మొహం చూడటానికి జంకుతూ తిరగడం వల్ల పిల్లకు ఒరిగేదేమీ లేదు. పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, 'ఆ రోజు నేను కొట్టాను, అలా కొట్టకూడదు, తప్పు నాది' అని చెప్పండి. 'నువ్వు నీళ్ళు పారబోశావు కాబట్టి' అని మాత్రం చేర్చకండి, చేరిస్తే అది క్షమాపణ కాదు, తీర్పు. ఇకమీదట గ్లాసు దాని చేతికే ఇవ్వండి, సగం నీళ్ళున్న చెంబుతో. ఒలికితే గుడ్డ కూడా దాని చేతికే ఇవ్వండి.

'నేను ఇంట్లోనే ఉంటున్నాను కదా, ఏ మొహం పెట్టుకుని ఆయనను అడగను' అని చివర్లో రాశారు. ఇది చదివి నాకు కోపం వచ్చింది, మీ మీదే. మీరు జీతం మానుకున్నారు. దాంతోపాటు అడిగే హక్కును కూడా మానుకున్నారని ఎవరు చెప్పారు? ఆఫీసు పనికి ఒక వేళ ఉంటుంది, మీ పనికి లేదు. ఎనిమిదిన్నరకు ఆయన పని ముగుస్తుంది, మీ పనిలో కష్టమైన భాగం అప్పుడే మొదలవుతుంది. ఆయన అలసిపోయి వస్తారన్నది నిజమే, ఆ అలసటను గౌరవించమనే చెబుతాను. మీ అలసటకు కూడా ఆ గౌరవం దక్కాలి కదా. దయచేసి ఆయనతో 'కాస్త సాయం చేయండి' అని మాత్రం అనకండి. సాయం పక్కింటివాళ్ళు చేస్తారు. చేయకపోతే ఏమీ అనలేం.

ఇప్పుడు ఆ కుండలీకరణాల సంగతి. 'ఒకసారి బాబుకు స్నానం చేయించబోతే సబ్బు కళ్ళలో పడేసేలా ఉన్నారని నేనే లాక్కున్నాను, పాపం ఆయనకు ఏమీ రాదు' అని సరదాగా రాశారు. మొదటి బిడ్డకు మొదటి స్నానం చేయించిన రోజున మీకు మాత్రం వచ్చా? రాకపోయినా బిడ్డ మీ చేతుల్లోనే ఉంది కనుక నేర్చుకున్నారు. ఆయన చేతుల్లోంచి మీరు లాక్కున్నారు, ఆయన సంతోషంగా వదిలేశారు. ఇందులో మీ వాటా ఎంతో కొంత ఉంది. ఈ ఇంట్లో ఈ పని నాకు తప్ప ఎవరికీ రాదనే గర్వం, ఈ పనితో చచ్చిపోతున్నాననే దుఃఖం, రెండూ ఒకే మనిషిలో కాపురం చేయడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు.

స్నానాల గదిలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తున్నానని రాసింది నేను దాటవేయలేను. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, బాబు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే, అది ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. మానసిక వైద్యులను కలవండి. మీకు గానీ పిల్లలకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో చెప్పి, ఆ రోజే వెళ్ళండి. ఇందులో అత్తగారు ఏమనుకుంటారన్న ప్రశ్నకు చోటు లేదు.

మీవారితో రాత్రి తొమ్మిదిన్నరకు మాట్లాడకండి, ఆ వేళకు ఇద్దరిలోనూ ఓపిక ఉండదు. సెలవు రోజున, అత్తగారు పక్కన లేనప్పుడు, పాత లెక్కలు తీయకుండా ఒక్కటే అడగండి: ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పాప ఆయనది. లేపడం, స్నానం, బట్టలు, తల దువ్వడం, వ్యాను ఎక్కించడం, అన్నీ. ఆ గంటసేపు ఫోన్ వేరే గదిలో ఉండాలి. పొద్దున లేపేది నాన్నే అని పాపకు చెప్పి, నిద్ర వేళను రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ ఎనిమిదిన్నరకు తీసుకురండి. పొద్దున ఒక గంట నాన్న తనవాడేనని నమ్మకం కుదిరాక రాత్రి కాపలా కాయడం తగ్గుతుంది. ఆయన కాదంటే, రేపు చూద్దాం అంటే, మళ్ళీ అడగండి. మీరు లేచి ఆ పని చేసేయకండి. వ్యాను ఒక రోజు తప్పిపోతే తప్పిపోనివ్వండి, బడికి ఆయనే దించి వస్తారు. ఈ జవాబును ఆయన కంటపడేలా బల్ల మీద వదిలేసి ఊరుకోవడం కూడా వద్దు, నోరు తెరిచి మీరే చెప్పండి. మొదటి వారం పాప జడ వంకరగా ఉంటుంది. గుమ్మం దగ్గర ఆపి, విప్పి, మళ్ళీ వేయకండి.