పెరటి కుంటలో చేపపిల్లలు మాయమవుతున్నాయా? కొంగను అనుమానించే ముందు నీళ్లలోకి చూడండి

సందేహం: ఇంటి వెనుక రెండు గుంటల (సుమారు 240 చదరపు గజాల) స్థలంలో నాలుగడుగుల లోతున కుంట తవ్వించి కాలువ నీటితో నింపాము. ఇంటి అవసరానికి పనికొస్తాయని బొచ్చె, రవ్వ, బంగారుతీగ కలిపి అంగుళం సైజు పిల్లలు 300 వదిలాము. రెండు నెలల తర్వాత వల లాగితే ముప్పై కూడా పడలేదు. పొద్దున్నే కొంగలు, నీటికాకులు వాలుతున్నాయి. మోటారు తీగ మీద లకుముకి పిట్ట కాపు కాస్తోంది. రాత్రంతా కప్పల గోల. రెండు నీటిపాములు, ఒక తాబేలు కూడా కనిపించాయి. చేప ముక్కల్లో గుళికల పురుగుమందు పెట్టి గట్టు మీద వేస్తే పీడ విరగడవుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక రైతు, నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా

సలహా: గుళికల మందు జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ముక్కను కొంగే తింటుందన్న హామీ లేదు. పెరట్లో తిరిగే మీ కోడి తినవచ్చు, కుక్క తినవచ్చు. మందు కుంటలోకి జారితే మిగిలిన ఆ ముప్పై చేపలూ పోతాయి, లేదా మీ కూరలోకే వస్తాయి. పైగా మీరు చెప్పిన కొంగలు, నీటికాకులు, నీటిపాము, తాబేలు అన్నింటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. విషం పెట్టడం ఆ చట్టం లెక్కలో వేటే.

ఇక అసలు విషయం. మీరు రాసిన జాబితాలో ఉన్నవన్నీ కంటికి కనిపించేవి. అంగుళం పిల్లలను 300 నుంచి 30కి తెచ్చింది అవి మాత్రమే అని నేను అనుకోను. ఒక పాత దోమతెర గుడ్డను ఇద్దరు రెండు వైపులా పట్టుకుని, ఉదయం పూట గట్టు వెంబడి గడ్డి ఆనుకుని నాలుగు బారలు లాగండి. పడినదంతా తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో వేసి చూడండి. వెల్లకిలా పడుకుని, రెండు పొడవాటి కాళ్లను తెడ్లలా ఆడిస్తూ ఈదే పురుగు ఒకటి కనిపిస్తుంది. తోక చివర సన్నని గొట్టం ఉన్న నీటితేలు ఉండవచ్చు. బురద రంగులో, కదలకుండా పడి ఉండేది తూనీగ పిల్ల. దాని కింది పెదవి మడతపెట్టి ఉంటుంది. చేపపిల్ల దగ్గరికి రాగానే దాన్ని చటుక్కున ముందుకు చాచి పట్టేస్తుంది. పిల్లలు వేలెడంత అయ్యాక ఈ పురుగులు వాటిని పెద్దగా ఏమీ చేయలేవు. అంగుళం పిల్లలకు మాత్రం ఇవే యముళ్లు.

రెండో అనుమానం కాలువ నీటి మీద. జల్లెడ కట్టకుండా నింపితే కొర్రమీను, వాలుగ, జెల్ల లాంటి, చేపలను తినే చేపల పిల్లలు నీటితో పాటే వచ్చేస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప అన్న గౌరవం కొర్రమీనుకు ఉండవచ్చు గానీ, బొచ్చె పిల్లలున్న కుంటలో దాన్ని మించిన దొంగ లేదు. మీ వలలో పడిన ముప్పైలో ఇవి ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు. ఈసారి చూడండి.

మూడోది, పిల్లలను వదిలిన తీరు. సంచి తెచ్చిన వెంటనే విప్పి కుమ్మరిస్తే వేడి తేడాకు చాలా పిల్లలు ఆ రోజో మర్నాడో చనిపోతాయి. అంత చిన్నవి తేలినా తేలకపోయినా మన కంట పడవు. సంచిని విప్పకుండా పావుగంట కుంటలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా కుంట నీళ్లు కలిపి, ఆ తర్వాతే వదలాలి.

కాబట్టి ఉన్న చేపలను పట్టేసి, కుంటను మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవడం మేలు. నీటిని రెండడుగులకు తగ్గించండి. ఆ లోతుకు మీ రెండు గుంటలకు 30 కిలోల ఇప్పపిండి (ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క, చేపలకు విషం) సరిపోతుంది. నాలుగడుగుల మీద వేస్తే 60 కిలోలు కావాలి, డబ్బు దండగ. రాత్రి నానబెట్టి ఉదయం కుంటంతా సమంగా చల్లండి. దాగి ఉన్న కొర్రమీను, జెల్ల కొన్ని గంటల్లో పైకి తేలతాయి. వాటిని తినవచ్చు. ఆ నీటిని వాగులోకి గానీ, పక్కవారి కుంటలోకి గానీ వదలకండి. విషప్రభావం తగ్గడానికి మూడు వారాలు ఆగాలి. ఆ తర్వాత అదే పిండి ఎరువుగా పనిచేస్తుంది. మళ్లీ నీరు నింపేటప్పుడు పైపు మూతికి దోమతెర రెండు పొరలు కట్టండి.

పిల్లలను వదలడానికి ముందు రోజు, గాలి లేని పూట పురుగుల పని పట్టాలి. 350 గ్రాముల బట్టల సబ్బును గోరువెచ్చని నీళ్లలో కరిగించి, అందులో కిలోకు కొంచెం పైగా చౌక వంటనూనె సన్నధారగా పోస్తూ చిక్కగా కలిసేదాకా చిలికి నీటి మీద చల్లండి. గాలి కోసం పైకి వచ్చే పురుగులు నూనె పొర కింద ఊపిరాడక చస్తాయి. తూనీగ పిల్ల మాత్రం నీటిలోనే శ్వాసిస్తుంది కాబట్టి దానికి ఇది పనిచేయదు. దానికి దోమతెర లాగుడే మందు. గట్టు వెంట నీటిలోకి దిగిన గడ్డి కోసేస్తే సగం బాధ తీరుతుంది.

ఈసారి అంగుళం పిల్లలు వద్దు. మూడు, నాలుగు అంగుళాలవి తెచ్చుకోండి. మీ కుంటకు 200 చాలు, 300 ఎక్కువే.

ఇప్పుడు పక్షులు. మూడు, నాలుగు అంగుళాల పిల్లలను కూడా నీటికాకి వదలదు. చెరువుల్లో నీరు తగ్గేకొద్దీ ఇలాంటి చిన్న కుంటల మీదికే వస్తుంది. కుంట చిన్నది కావడం మీకు కలిసొచ్చే సంగతి. గట్టుకు నాలుగైదు అడుగుల ఎత్తున, అడుగున్నర ఎడంతో దళసరి తెల్ల తాడు అడ్డంగా, నిలువుగా బిగించి కట్టండి. వదులుగా వేలాడే సన్నని నైలాన్ వల వద్దు, పక్షులు చిక్కుకుని చస్తాయి. గుడ్డి కొంగ ఒడ్డున నిలబడి వేటాడుతుంది కాబట్టి, నీటి అంచు వెంట అడుగు ఎత్తున మరో తాడు లాగితే దానికి నిలబడే చోటు ఉండదు. లకుముకికి మోటారు తీగే ఆసనం. తీగను గొట్టంలో పెట్టి నేల మీదుగా తీసుకెళ్లండి. దిష్టిబొమ్మను నమ్ముకోకండి, నాలుగు రోజులకు కొంగ దాని భుజం మీదే కూర్చుంటుంది.

కప్పలు మీకు శత్రువులు కావు, పొలంలో పురుగులు తినేవి అవే. తోకకప్పలు మేత పంచుకుంటున్నాయనిపిస్తే, జిగురుగా తేలే గుడ్లను వలతో తీసి పారేయండి. తాబేలు నత్తలను, చచ్చిన చేపలను తింటుంది, చురుకైన రవ్వ పిల్లను పట్టుకునే ఓపిక దానికి లేదు. దాన్ని పట్టి ఎక్కడికీ తరలించకండి, దారి ఇస్తే అదే పోతుంది.

పాములు రాకుండా చుట్టూ రెండడుగుల ఎత్తున షేడ్ నెట్ కట్టి, కింది అంచును అర అడుగు మట్టిలో పూడ్చండి. గట్టు పక్కన గడ్డివాము, రాళ్లగుట్ట ఉంటే తీసేయండి. నీటిపాముకు విషం లేదు గానీ, బెదిరిస్తే మెడ చదును చేసి గట్టిగా కరుస్తుంది; చూసినవాళ్లు నాగుపాము అనుకుంటారు. అయితే ఎలుకల కోసం రక్తపింజర, కట్లపాము కూడా అదే గట్టుకు వస్తాయి. రాత్రి మేత వేయడానికి వెళ్తే టార్చి, బూట్లు తప్పనిసరి. ఏ పాము కరిచిందో తెలియకపోతే వెతుకుతూ కూర్చోకండి, నేరుగా విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.