కొత్త కాపురం, పాతిక కిలోల బియ్యం

చిట్టీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విని నా మనసు ఉండబట్టలేదు. బియ్యం బస్తాలో పురుగులు కనిపించాయని అంత టెన్షన్ పడితే ఎలా తల్లీ? నీ ఇంటి శుభ్రతలో లోపమేమీ లేదు. ముక్కుపురుగు గింజకి సన్నగా బెజ్జం వేసి, లోపల గుడ్డు పెట్టి, పైన పూడ్చేస్తుంది. మనకి కంటికి కనిపించదు. ఆ పని చాలాసార్లు బస్తా నీ ఇంటికి రాకముందే, గోదాములోనే అయిపోయి ఉంటుంది. ఈ చెన్నై ఉక్కకి నెల, నెలన్నరలో లోపలి పిల్ల పెద్దదై గింజని తొలుచుకుని బయటికొస్తుంది. నువ్వు చూసింది దాన్నే.

ఆ బియ్యం పారబోయకు. జల్లించి, చేటలో చెరిగి, పంచె మీద పలచగా పోసి ఫ్యాను కింద ఆరబెట్టు. ఎండలో మాత్రం పోయకు, గింజ బీటలు వారి అన్నం నూకనూకగా అవుతుంది. ముక్కవాసన, బూజు ఉంటే మాత్రం ఆశ పెట్టుకోకు, వదిలెయ్.

ఈసారి నుంచి పాతిక కిలోలు ఒకేసారి కొనొద్దు. మీ ఇద్దరికీ పది చాలు. తెచ్చిన వెంటనే రెండేసి కిలోలు గట్టి కవర్లలో కట్టి నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టు. గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక తొందరపడి ముడి విప్పకు. ఆ చల్లటి గింజలకి గాలి తగిలితే చెమ్మ పడుతుంది. ఒక పూట అలాగే వదిలేసి, చల్లదనం పూర్తిగా పోయాక డబ్బాలో పోసుకో. పాత బియ్యం అడుగున ఉండగా కొత్తవి పైన పోసే అలవాటు చేసుకోకు. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టాకే కొత్తవి పోసుకో. తడి చెయ్యి డబ్బాలో పెట్టకు.

మీ అమ్మ హైదరాబాద్‌లో చేసినట్టు చేస్తే చెన్నైలో సరిపోదమ్మా. ఇక్కడ సముద్రపు గాలి ఏడాది పొడవునా ఉంటుంది, పైగా అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి పప్పుల పని మే నెలలో, ఇక్కడివాళ్లు కత్తిరి అనే మండుటెండల్లోనే అయిపోవాలి. కందిపప్పు రెండు రోజులు డాబా మీద బాగా ఎండనివ్వు. సాయంత్రం వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో పోసి మూత పెట్టావంటే మూత లోపల నీటిబొట్లు కనిపిస్తాయి, అందుకే తెల్లారేదాకా ఆగు. తర్వాత కిలోకి ఒక చిన్న చెంచా ఆముదం. ఒక్కచోట పోయకుండా అరచేతికి రాసుకుని, పప్పుని రెండు చేతుల మధ్య మెల్లగా రుద్దు. ప్రతి బద్దా మెరవాలి, చేతికి మాత్రం జిడ్డు అంటకూడదు. అదే కొలత. వండేటప్పుడు గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు కడిగితే వాసన ఉండదు. పెసలు, అలసందల్లాంటి గింజలకైతే ఆముదం తప్పనిసరి, పుచ్చుపురుగు గుడ్లు పెట్టేది వాటిమీదే. వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తే పురుగు దగ్గరికి రావడం తగ్గుతుంది, లోపలున్న పురుగు చావదు. వేపాకు గలగలలాడేలా ఎండి ఉండాలి, పచ్చిది వేస్తే చెమ్మని నువ్వే తెచ్చిపెట్టినట్టు.

మినపగుళ్లు రెండు మూడు నెలలకి మించి కొనకు. పాతబడితే ఇడ్లీ పిండి ఒదగదు. చింతపండు గింజ, ఈనె తీసి ఉప్పు కలిపి జాడీలో పెట్టు, స్టీలు డబ్బా వద్దు. రవ్వ దోరగా వేయించి దాచుకో. పల్లీల్లో బూజు పట్టినవి కనిపిస్తే వేయించినా దాని విషం పోదు, పారేసెయ్.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బస్తాలో బిళ్లలు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. గోదాముల్లో వాడే ఆ అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే వాయువు ఇంట్లో మనుషుల ప్రాణాలు తీస్తుంది. బోరిక్ పౌడరు కూడా కలపకు.

డబ్బాలు నేలమీద పెట్టకు. 2015 డిసెంబరు వరదల్లో మా కింది వాటాలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. నాలుగో రోజున బియ్యం డ్రమ్ము మూత తీస్తే పులిసిన వాసన కొట్టింది. ముప్పై కిలోలు చేతులారా పారబోశాను. అటక మీద సీసాల్లో ఉన్న పప్పులతోనే ఆ వారం గడిచింది. నువ్వుండేది వేలచ్చేరి, వానొస్తే నీళ్లు నిలిచే పల్లం, అదీ కింది వాటా. రేపే ఒక ఎత్తు స్టాండు కొను.

మే నెలలో కత్తిరి మొదలవగానే ఓ శనివారం పప్పులన్నీ పట్టుకుని మా మాంబళం ఇంటికి వచ్చెయ్. ఆముదం తెప్పించి ఉంచుతాను. అల్లుడు గారిని కూడా తీసుకురా, రెండో రోజు మధ్యాహ్నం అందరం ఇక్కడే భోంచేద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ