చదువు–సందేహాలు: డిగ్రీ, పీజీ కలిపి చదివితే కాలం కలిసివస్తుందా?

ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత విశాఖపట్నం, అనకాపల్లి ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిగ్రీ, పీజీ కలిపి చదివే కోర్సుల గురించే ఉన్నాయి. వాటిలో మూడింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు కేటాయించాను. మిగిలిన ఇద్దరూ దానిని కూడా చదవాలని నా కోరిక.

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. రసాయనశాస్త్రమంటే ఇష్టం, ఇంజనీరింగ్ వద్దంటోంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎస్సీ.లో చేర్పించమని, కాలం కలిసివస్తుందని, మళ్లీ ప్రవేశ పరీక్ష రాయనక్కర్లేదని చెబుతున్నారు. మా బావగారు మాత్రం మామూలు బి.ఎస్సీ.లో చేర్చి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చేయించమంటున్నారు. నేను స్టీల్‌ప్లాంటులో పనిచేస్తున్నాను. ఐదేళ్ల ఫీజుకు ఇప్పుడే తల ఊపాలంటే భయంగా ఉంది. ఏది మేలు?
— ఒక తండ్రి, గాజువాక

జవాబు: అయ్యా, ముందుగా వేళ్ల మీద ఒక చిన్న లెక్క వేద్దాం. మూడేళ్ల బి.ఎస్సీ. తరువాత రెండేళ్ల ఎం.ఎస్సీ. చేస్తే ఐదేళ్లు. కొత్త జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చేసి, ఆ పైన ఏడాది ఎం.ఎస్సీ. చేసినా ఐదేళ్లే. ఇంటిగ్రేటెడ్ ఎం.ఎస్సీ. కూడా ఐదేళ్లే. కాబట్టి సైన్సు చదువులో కాలం కలిసివస్తుందన్న మాటకు ఆధారం లేదు. ఆ మాట ఇంజనీరింగ్‌కు చెల్లుతుంది. అక్కడ నాలుగేళ్ల బి.టెక్., రెండేళ్ల ఎం.టెక్. విడివిడిగా చేస్తే ఆరేళ్లు పడుతుంది, ఐఐటీల డ్యూయల్ డిగ్రీలో ఆ రెండూ ఐదేళ్లలో పూర్తవుతాయి. మీకు చెప్పినవారు ఆ లెక్కను తెచ్చి ఈ కోర్సుకు తగిలించారు.

అలాగని ఇంటిగ్రేటెడ్ చదువులో మేలు లేదని నేను అనను. మామూలు దారిలో బి.ఎస్సీ. చివరి ఏడాది చెప్పిన పాఠాలలో కొంత భాగాన్ని ఎం.ఎస్సీ. మొదటి సెమిస్టర్‌లో మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే ఆ తరగతిలో కూర్చున్నవారు వేర్వేరు కళాశాలల నుంచి వచ్చినవారు, వారి పునాదులు వేర్వేరు. ఐదేళ్లూ ఒకే చోట చదివేవారికి ఆ పునరుక్తి తప్పుతుంది, ఆ మిగిలిన సమయాన్ని ప్రయోగశాలకు, చివరి ఏడాది ప్రాజెక్టుకు ఇవ్వవచ్చు. తిరుపతిలో 2015లో ప్రారంభమైన ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ)లోని ఐదేళ్ల బీఎస్–ఎంఎస్ కోర్సు ఈ ఆలోచన మీదనే నడుస్తోంది. అక్కడ చేరాలంటే ఐసర్ ఆప్టిట్యూడ్ పరీక్ష రాయాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఐదేళ్ల ఎం.ఎస్సీ. ఉంది. మీ అమ్మాయికి అటువంటి చోట సీటు వస్తే రెండో ఆలోచన లేకుండా పంపండి. అధ్యాపకులు, ప్రయోగశాల, గ్రంథాలయం లేకుండా ఐదేళ్లు ఒకే గోడల మధ్య ఉంచే కోర్సు మాత్రం పేరుకే ఇంటిగ్రేటెడ్.

ఇక మీ భయం గురించి. అది న్యాయమైన భయం, దానికి కారణం నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట మద్దిలపాలెంలోని మా ఇంటికి ఒక కుర్రవాడు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆరు సెమిస్టర్ల మార్కుల మెమోలు, ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదు. తండ్రికి జబ్బు చేసి ఇల్లు గడవడం కష్టమైంది. పరవాడలో ఒక మందుల కంపెనీలో పని దొరికింది, కానీ వారు డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగారు. అతను చదువుతున్న సంస్థవారు తమ నిబంధన చూపించారు: రెండు పట్టాలూ ఐదో ఏడాది చివరనే ఇస్తారు, మధ్యలో మానేస్తే మెమోలు తప్ప పట్టా ఉండదు. ప్రాస్పెక్టస్ పదిహేనో పేజీలో, ఫీజుల పట్టిక కింద, సన్నటి అక్షరాల్లో ఆ వాక్యం ఉంది. చేరేటప్పుడు తండ్రీకొడుకులిద్దరూ దాని కింద సంతకం చేశారు. ఆ ఉద్యోగం చేజారిపోయింది. మూడేళ్లు చదివి అన్నీ పాసైన పిల్లవాడు కాగితాల ప్రకారం ఇంటర్ పాసైనవాడిగానే మిగిలాడు. ఆ మెమోలను అతను మళ్లీ వరుసగా పేర్చి కవరులో పెట్టుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందువల్ల మీరు ఆ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు తరగతి గదులు, ఏసీలు చూడటం కన్నా ముందు ఈ ఒక్క విషయం అడగండి: మూడేళ్లు పూర్తిచేసి వైదొలగితే బి.ఎస్సీ. పట్టా ఇస్తారా? నోటిమాటగా కాకుండా నిబంధనల పుస్తకంలో చూపించమనండి. జాతీయ విద్యావిధానం స్ఫూర్తి అయితే స్పష్టంగా ఉంది. ఏడాది తరువాత వైదొలగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ ఇవ్వాలని 2020 నాటి విధానం చెబుతోంది. 2022 డిసెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విడుదల చేసిన చట్రం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (చదివిన కోర్సుల బరువును కొలిచే పాయింట్లు), నాలుగేళ్లకు 160 క్రెడిట్లు కనీసంగా నిర్ణయించింది. మీరు చేర్పించబోయే కోర్సు దీనిని పాటిస్తోందా లేదా అన్నది ఆ కోర్సు నిబంధనల్లోనే తేలుతుంది. తరువాతి ఏళ్లలో ఫీజు పెంచుతారా, ఎంత వరకు పెంచుతారన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి ఏడాది రాయితీ చూపి మూడో ఏడాది పెంచితే మధ్యలో దిగలేని కుటుంబం అప్పు చేయక తప్పదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఐసర్ స్థాయి సంస్థలో సీటు రాకపోతే మీ బావగారి మాట వినండి. పదిహేడేళ్ల వయసులో ఐదేళ్లకు మాట ఇవ్వడం కన్నా ఇరవై ఏళ్ల వయసులో మిగిలిన రెండేళ్ల గురించి ఆలోచించుకోవడం పిల్లకూ, మీ జేబుకూ మంచిది. విశాఖలో సైన్సు డిగ్రీకి కళాశాలల కొరత లేదు. మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ కళాశాల, జ్ఞానాపురంలోని సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి. వెళ్లినప్పుడు రసాయనశాస్త్ర ప్రయోగశాల తలుపు తీయించి చూడండి. బల్లల మీద ఆమ్లం మరకలు, పాత బర్నర్లు కనిపిస్తే అక్కడ నిజంగా పని జరుగుతోందని నమ్మవచ్చు. ఆ తరువాత ఎం.ఎస్సీ.కి ఆంధ్ర విశ్వవిద్యాలయం మీ ఊళ్లోనే ఉంది. 1926లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి గారి వంటి శాస్త్రవేత్త రసాయనశాస్త్రం బోధించారు. ఆ విభాగం మెట్లెక్కడానికి ఒక ప్రవేశ పరీక్ష రాయవలసి రావడం మీ అమ్మాయికి బరువు కాదు.

ప్రశ్న: నేను బి.టెక్. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మూడేళ్లు ఇక్కడ చదివి, ఆ పైన రెండేళ్లు అమెరికాలో చదివితే బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ వస్తాయని మా కళాశాలలో ఒక పథకం చెబుతున్నారు. చేరవచ్చునా?
— ఒక విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: బాబూ, ఇంజనీరింగ్ కాబట్టి నీ విషయంలో ఏడాది మిగిలే మాట నిజమే. అది ఎలా మిగులుతుందో తెలుసుకుంటే ఏమి అడగాలో నీకే తోస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో బ్యాచిలర్స్ చివరి ఏడాది విద్యార్థి కొన్ని మాస్టర్స్ స్థాయి కోర్సులు చదువుతాడు, ఆ కోర్సుల క్రెడిట్లను రెండు పట్టాలకూ లెక్కిస్తారు. అక్కడ ఎం.ఎస్. సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు ఉంటుంది కాబట్టి, అందులో రెండు మూడు కోర్సులు ముందే పూర్తయితే మిగిలింది ఏడాదిలో ముగుస్తుంది. ఇలా రెండు లెక్కల్లో వేసిన క్రెడిట్లను వేరే విశ్వవిద్యాలయం అంగీకరించకపోవచ్చు. కాబట్టి ఒకసారి ఆ దారిలో అడుగుపెడితే అక్కడే పూర్తిచేయాలన్న నిశ్చయం ఉండాలి.

నీ నాలుగో ఏడాది అమెరికాలో గడుస్తుంది. అప్పుడు బ్యాచిలర్స్ పట్టా ఎవరు ఇస్తారు? నీ కళాశాల అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయమా, అమెరికా విశ్వవిద్యాలయమా? ఇక్కడి విశ్వవిద్యాలయమే ఇచ్చేటట్లయితే అక్కడ చదివిన క్రెడిట్లను అది ఒప్పుకున్నట్టు ఉత్తర్వు చూపించమని అడుగు. వీసా రాకపోయినా, మొదటి సెమిస్టర్‌లో గ్రేడు తగ్గి మాస్టర్స్‌లోకి తీసుకోకపోయినా తిరిగి ఇక్కడ నాలుగో ఏడాదిలో కూర్చోనిస్తారా అన్నది కూడా రాతలో ఉండాలి. గాజువాక తండ్రిగారికి చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది.

డబ్బు సంగతి ఇంకొకటి. అమెరికాలో బ్యాచిలర్స్ ఏడాదికి కట్టే ఫీజుతో పోలిస్తే ఇక్కడి నాలుగో ఏడాది ఫీజు చాలా తక్కువ. బ్యాచిలర్స్ విద్యార్థిగా వచ్చే స్కాలర్‌షిప్ మాస్టర్స్‌లోకి మారగానే ఆగిపోయే చోట్లు ఉన్నాయి. చదువు తరువాత అక్కడ పనిచేసే ఓపీటీ అనుమతి ఒక్కో స్థాయి పట్టాకు పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ చదువులకు అదనంగా ఇరవై నాలుగు నెలలు ఇస్తున్నారు. ఇక్కడ బి.టెక్. పూర్తిచేసి మామూలుగా ఎం.ఎస్.కు వెళ్లినా ఆ అనుమతి నీకు వస్తుంది. మీ నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టి ఆ ఒక్క ఏడాది కొనవలసి వస్తే మాత్రం, నేను వద్దనే చెబుతాను.

ప్రశ్న: బి.ఎస్సీ. మూడో ఏడాది చివరికి వచ్చాను, ఇప్పటివరకు 78 శాతం ఉంది. నాలుగో ఏడాది ఆనర్స్ చేసి ఏడాది పీజీకి వెళ్లాలా, ఇప్పుడే రెండేళ్ల పీజీలో చేరాలా?
— ఒక విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: అమ్మా, పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే నాలుగో ఏడాది నీకు మంచి అవకాశం. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన ఉన్నవారికి యూజీసీ చట్రంలో ఆనర్స్ విత్ రీసెర్చ్, అంటే పరిశోధనతో కూడిన ఆనర్స్ పట్టా ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం నిలుపుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత వస్తుంది. అయితే ఇదంతా మీ కళాశాలలో పీహెచ్‌డీ గైడ్‌గా ఉండదగిన అధ్యాపకులు, ప్రయోగశాల ఉంటేనే. లేకపోతే ఆ ఏడాది ఊరికే గడిచిపోతుంది. అటువంటప్పుడు పీజీ ప్రవేశ పరీక్ష అయిన ఏపీ పీజీసెట్ రాసి రెండేళ్ల ఎం.ఎస్సీ.లో చేరు, కొత్త విధానంలో ఏడాది తరువాత వైదొలగవలసి వచ్చినా పీజీ డిప్లొమా ఇచ్చే ఏర్పాటు ఉంది.

2024 నవంబరులో యూజీసీ ఆమోదించిన త్వరిత డిగ్రీ పద్ధతి గురించి కూడా ఉత్తరం చివర అడిగావు. అందులో మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో ముగించవచ్చు. కానీ మొదటి లేదా రెండో సెమిస్టర్ చివరనే కమిటీ విద్యార్థులను ఎంపిక చేయాలి కాబట్టి నీకు ఆ గడువు దాటిపోయింది. దానికి బాధపడవద్దు. ఇప్పుడు నువ్వు చేయవలసిన పని వేరే ఉంది. విద్యార్థి క్రెడిట్లను ఆన్‌లైన్‌లో జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లోని నీ ఖాతాను ఫోనులో తెరిచి, ఇప్పటివరకు ఫలితాలు వచ్చిన సెమిస్టర్ల క్రెడిట్లన్నీ అందులో చేరాయో లేదో చూసుకో. ఏదైనా సెమిస్టర్ ఖాళీగా కనిపిస్తే, చివరి ఫలితాల దాకా ఆగకుండా ఈ వారమే మీ కళాశాల పరీక్షల విభాగానికి వెళ్లు.