బుజ్జమ్మకు, బేకౌట్ గురించి

బుజ్జమ్మా,

చంద్రుడి నేల నుంచి వచ్చే వెలుతురుని రంగులుగా విడదీసి చూసే ఇమేజింగ్ స్పెక్ట్రోమీటర్ డిజైన్ నీ చేతికిచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టెస్టింగ్, కాలిబ్రేషన్ కలిపి పది రోజులు చాలన్నావని కూడా చెప్పాడు. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

ఆప్టిక్స్ గురించి నీకు నేను చెప్పేదేముంది. అద్దాలతో కట్టే ఆఫ్నర్ డిజైన్ తీసుకో, బొమ్మలో రంగులు, చోట్లు పక్కకి జరిపే స్మైల్, కీస్టోన్ రెండూ పిక్సెల్‌లో పదోవంతు దాటనివ్వకు, వెలుతురుని విడదీసే గ్రేటింగ్ రెండో ఆర్డర్ వెలుతురుని ఆపే ఫిల్టర్ మరిచిపోకు. అంతే.

నా భయమంతా మూడు మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర. నీళ్ళు, హైడ్రాక్సిల్ కనబడే చోటు అది. అక్కడ చూడాలంటే డిటెక్టర్‌ని చల్లబరచక తప్పదు, చంద్రయాన్-2 మీది ఇలాంటి పరికరమే ఐఐఆర్‌ఎస్‌లో దాదాపు 90 కెల్విన్‌కి దించారు. అంత చల్లటి చోటికి ఏ వైరులో, ఏ జిగురులో దాగిన తేమైనా వచ్చి అంటుకుంటుంది.

మా ఇన్‌స్ట్రుమెంట్‌కి బేకౌట్, అంటే వాక్యూమ్‌లో వేడి చేసి తేమ వెళ్ళగొట్టడం, నాలుగు రోజులనుకున్నాం. షెడ్యూల్ టెన్షన్‌లో రెండు రోజులకే ఆపించింది నేనే, అదీ వానాకాలంలో. అంతరిక్షంలాంటి శూన్యం ఉండే థర్మోవాక్ ఛాంబర్‌లో, ఎంత వెలుతురిస్తుందో ముందే తెలిసిన బ్లాక్‌బాడీని చూపిస్తే స్పెక్ట్రమ్ గీత నున్నగా రావాలి కదా, రాత్రి పదకొండింటికి మూడు మైక్రాన్ల దగ్గర గోటితో నొక్కినంత సొట్ట. బ్లాక్‌బాడీ పెయింట్ వల్లేమో అనుకుని ఒక కరెక్షన్ టేబుల్ రాసేసి, గీత సాఫీగా వచ్చాక ఇంటికెళ్ళి పడుకున్నాను. తెల్లారి ఒక జూనియర్ కుర్రాడు రాత్రి గ్రాఫు ప్లాటూ, పొద్దుటి ప్లాటూ పక్కపక్కన పెట్టి, "సార్, ఇది పెరుగుతోంది" అన్నాడు. అతన్ని కసిరాను బుజ్జమ్మా. తీరా చూస్తే డిటెక్టర్ ముందున్న అద్దం మీద మంచు పొర పేరుకుంటోంది. ఆ పిల్లాడు నోరు మూసుకుని ఉంటే మా ల్యాబ్ తేమనే చంద్రుడి నీళ్ళని రాసేవాళ్ళం.

2009లో చంద్రయాన్-1 మీది నాసా స్పెక్ట్రోమీటర్ ఎం3 ఆ చోటే సన్నటి లోతు చూపింది. 1999లో కాసినీ నౌక చంద్రుడి పక్కగా పోతూ తీసిన డేటా, డీప్ ఇంపాక్ట్ నౌక డేటా కూడా అదే మాట చెప్పాయి కాబట్టి లోకం నమ్మింది. నీ ఒక్క పరికరం మాటను ఎవరు నమ్ముతారు, పది రోజుల్లో?

చిన్నప్పుడు శని వలయాలు చూస్తానని అన్నం మానేసి డాబా మీదే కూర్చునేదానివి. నైట్ షిఫ్టుల్లో అలా చెయ్యకు, ఏదో ఒకటి తిను.

బేకౌట్‌లో ఒక్క గంట కూడా తగ్గించకు. చల్లబరచిన సాయంత్రం ఒక ప్లాట్, మర్నాడు పొద్దున ఒక ప్లాట్, రెండూ ఒకే స్కేలు మీద నాకు పంపు. కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఏదో తేడాగా ఉందంటే పక్కన కూర్చోబెట్టుకుని విను.

పెదనాన్న