బజర్ గోల తగ్గాలంటే ముందు అది ఏ రకమో చూడండి

9 వోల్టుల బ్యాటరీతో చేసిన ట్యాంకు అలారంలో పీజో బజర్ (కరెంటు ఇస్తే కంపించి మోగే చిన్న పరికరం) చెవులు చిల్లులు పడేలా మోగుతోంది, రెసిస్టర్ (కరెంటుని అడ్డుకుని తగ్గించే భాగం) పెడితే తగ్గుతుందా అని ఒకరు అడిగారు. తగ్గుతుంది. నేనూ ఆ బాధ పడ్డవాణ్నే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తెల్లారగట్ల 5 గంటలకి మోటారు వేస్తాం. ట్యాంకు నిండగానే నా అలారం కీ...మని అరిచేది. మూడో రోజుకే పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) గోడ మీంచి తొంగిచూసి, "బాబూ, మీ ట్యాంకు నిండితే వీధంతా లేవాలా?" అని తెలుగులోనే తగులుకుంది.

హడావుడిగా 10కె (10 వేల ఓమ్స్) వాల్యూమ్ పాట్, అంటే తిప్పి మార్చుకునే రెసిస్టర్, బిగించాను. కాస్త తిప్పితే సౌండు తగ్గింది, ఇంకాస్త తిప్పేసరికి కిర్రుమని ఆగిపోయింది. నాది యాక్టివ్ బజర్ మరి. లోపలే శబ్దానికి కావాల్సిన అలల్ని పుట్టించే ఆసిలేటర్ ఉంటుంది, దానికి కనీస వోల్టేజ్ అందకపోతే నోరే మూసేస్తుంది. చాలావాటికి అది 3 వోల్టులు. పాట్ పీకేసి 470 ఓమ్స్, 1కె, 2.2కె రెసిస్టర్లు ఒక్కొక్కటే బజర్‌కి సిరీస్‌లో (కరెంటు వెళ్లే దారిలోనే వరసగా) పెట్టి చూశాను. నాకు 1కె కుదిరింది. మీ బజర్ తీసుకునే కరెంటుని బట్టి ఇది మారొచ్చు. కొత్త బ్యాటరీతో చూసి మురిసిపోకండి, వాడేసిన బ్యాటరీతో కూడా మోగుతుందో లేదో చూసుకోండి.

బ్యాటరీకి నేరుగా తగిలిస్తే టిక్‌మని ఊరుకుందా? అయితే అది పాసివ్, లోపల ఆసిలేటర్ ఉండదు. దాన్ని ఆర్డ్వినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో నడుపుతుంటే, అందులోని టోన్ ఫంక్షన్ ఎప్పుడూ 50 శాతం డ్యూటీయే (సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్) ఇస్తుంది, గట్టిగా మోగేది అక్కడే. పీడబ్ల్యూఎంతో (ఆన్‌లో ఉండే సేపుని మార్చే పద్ధతితో) డ్యూటీని 5, 10 శాతానికి దించితే సౌండు తగ్గుతుంది, గొంతు మాత్రం కాస్త పీలగా మారుతుంది. ట్రాన్సిస్టర్‌తో నడిపేవాళ్లు పీజో రెండు కాళ్ల మధ్య 1కె రెసిస్టర్ ఒకటి వేసుకోవాలి. పీజో అంటే కెపాసిటర్ లాంటిదే కదా, చార్జి దిగే దారి లేకపోతే సరిగ్గా మోగదు. ఇది తెలియక నేను రెండు ట్రాన్సిస్టర్లు అనవసరంగా మార్చాను.

ఈ రాత్రికే గోల తగ్గాలంటే సోల్డరింగ్ జోలికి పోకుండా బజర్ రంధ్రం మీద మెడికల్ ప్లాస్టర్ ముక్క అంటించండి. కొన్ని కొత్త బజర్లకి పైన చిన్న స్టిక్కర్ వస్తుంది, బోర్డు కడిగేటప్పుడు లోపలికి నీళ్లు పోకుండా. అది పీకకుండా వదిలేసినా చాలు. మా ఇంట్లో 1కె ఉంది, ప్లాస్టరూ ఉంది.