డిస్లెక్సియా, ఆందోళన రెండూ ఉన్నవారు ఉద్యోగంలో ఎలా నెగ్గుకురావాలి?

ఈ రెండింటినీ విడదీసి చూడకండి. డిస్లెక్సియా ఉంటే చదవడానికి, రాయడానికి శ్రమ ఎక్కువ పడుతుంది. తెలివితేటలకు దానితో సంబంధం లేదు. ఆ శ్రమ బయటపడుతుందేమోనన్న భయం ఆందోళనను పెంచుతుంది, ఆందోళన పెరిగితే ఏకాగ్రత చెదిరి తప్పులు ఎక్కువవుతాయి. అందుకే ముందు పనిచేసే తీరు మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

నోటిమాటగా ఇచ్చిన సూచనలు గుర్తుండకపోతే, సమావేశం ముగియగానే “నాకు అర్థమైనది ఇదీ” అని రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి. పొరపాటుంటే అవతలివారే సరిదిద్దుతారు. (రాతలో ఆధారమూ మిగులుతుంది, అది చిన్న లాభం కాదు.) మీరు రాసినదాన్ని కంప్యూటర్ చేత చదివించుకుని వింటే, కంటికి చిక్కని తప్పులు చెవికి చిక్కుతాయి.

మేనేజరుకు చెప్పాలా? వైద్య చరిత్ర అంతా విప్పనక్కర్లేదు, కావలసినదేమిటో చెబితే చాలు. “ఒత్తిడిగా ఉంది” అంటే ఆయనకు ఏం చేయాలో తోచదు. “నేను చదవాల్సిన నివేదిక సమావేశానికి ఒక రోజు ముందు ఇవ్వండి” అంటే తెలుస్తుంది. పనిలో ఇలాంటి సర్దుబాట్లు అధికారికంగా కోరితే మాత్రం సంస్థ వైద్యుల ధ్రువపత్రం అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా మేనేజర్లకు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలని సూచించాయి.

నిద్రలేమి, పని తలచుకుంటేనే గుండెదడ వారాల తరబడి సాగుతుంటే ఈ చిట్కాలు చాలవు, మానసిక వైద్యులను కలవండి.